కొండ భాషల వద్ద శిష్యరికం

రాజమహేంద్రవరం నుండి గోకవరం మీదుగా ఉత్తరంగా పోయే దారి, మైదానాన్ని విడిచి అడవిలో ప్రవేశించిన తరువాత రంపచోడవరం చేరుతుంది. 1879లో చెలరేగిన రంప పితూరీ వల్ల, 1922 నుండి 1924 వరకు అల్లూరి సీతారామరాజు నడిపిన పోరాటం వల్ల ఈ ప్రాంతం పేరు చరిత్ర గ్రంథాలలో స్థిరపడినది. అయితే ఈ కొండలకు మరొక చరిత్ర కూడా ఉన్నది. అది మాటల చరిత్ర. ఇక్కడ కొండరెడ్లు తమదైన ఫణితిలో తెలుగు మాట్లాడుతారు. మైదానం నుండి వచ్చి స్థిరపడిన వారి తెలుగు వేరు. మారేడుమిల్లి ఘాటు దాటి చింతూరు, కూనవరం వైపు దిగితే వినబడేది కోయ భాష. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో ఆ భాషను మాతృభాషగా చెప్పుకొన్నవారు నాలుగు లక్షలకు పైబడినారు.

ఈ భాషల ఇరుగుపొరుగుతనం పాఠశాలలో ఎట్టి చిక్కు తెచ్చిపెడుతుందో ఒక చిన్న మాట వల్ల గ్రహించవచ్చును. తెలుగు బాలునికి 'ఏరు' అంటే పారే వాగు, లేదా నది. కోయ బాలునికి 'ఏరు' అంటే నీరు. కుండలో ఉన్నదీ ఏరే, దోసిట పట్టినదీ ఏరే. "ఏరు ఎక్కడ ఉన్నది?" అని ఉపాధ్యాయుడు అడిగినప్పుడు కోయ బాలుడు గది మూలనున్న కుండను చూపించినాడనుకొందాము. ఉపాధ్యాయుని దృష్టిలో అది తప్పు జవాబు. బాలుని దృష్టిలో అంతకంటే సరియైన జవాబు లేదు. తప్పు బాలుని బుద్ధిలో లేదు. రెండు భాషల నడుమ ఉన్నది. దానిని కనిపెట్టవలసినవాడు రెండు భాషలూ ఎరిగినవాడు.

మనిషి ఎట్లు గ్రహిస్తాడు, ఎట్లు జ్ఞాపకముంచుకొంటాడు, మాటకూ తలపుకూ సంబంధమేమి అనే ప్రశ్నలను పరిశీలించే విద్యకు సంజ్ఞాన శాస్త్రమని పేరు. విశ్వవిద్యాలయాల విద్యార్థులు సెలవులలో కొన్ని వారాలపాటు పరిశోధకుల వద్ద చేరి ఈ విద్యలో పని నేర్చుకొంటున్నారు. దీనిని ఇంటర్న్‌షిప్ అంటున్నారు. పేరు కొత్తది, పని పాతదే. మన పల్లెలలో కుమ్మరి వద్ద, కమ్మరి వద్ద, వైద్యుని వద్ద కుర్రవాళ్లు చేసిన శిష్యరికమే అది. తూర్పు కనుమలలో భాషను గూర్చి ఇట్టి శిష్యరికం నూరేళ్లకు పైగా సాగుతున్నది. చదువుకొన్నవారు శిష్యులై, చదువురాని కొండవారు గురువులు కావడం దీనిలోని విశేషం.

మొదటి శిష్యుడు

కొండ భాషలను గూర్చి తొలుదొలుత వ్రాసినవారు మిషనరీలు, ప్రభుత్వోద్యోగులు. 1870 దశకంలో గోదావరి ఒడ్డున దుమ్ముగూడెంలో మిషనరీగా ఉన్న జాన్ కెయిన్ కోయల ఆచారాలను, భాషను గూర్చి వ్యాసాలు ప్రకటించినారు. గ్రియర్సన్ పర్యవేక్షణలో జరిగిన భారతీయ భాషా సర్వేక్షణంలో ముండా, ద్రావిడ భాషలకు సంబంధించిన సంపుటం 1906లో వెలువడినది. దానిలో కోయ భాషకూ చోటు దొరికినది. ఈ గ్రంథాలు ఉపయోగకరమైనవే. కాని ఒక భాష ఉన్నదని నమోదు చేయడం వేరు, ఆ భాష మాట్లాడేవాని ముందు విద్యార్థిగా కూర్చొనడం వేరు.

అట్లు కూర్చొన్న తెలుగువారిలో అగ్రగణ్యులు గిడుగు వేంకట రామమూర్తి. వ్యావహారిక భాషోద్యమ నాయకులుగా ఆయనను ఎరుగని తెలుగువారు లేరు. ఆయన పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉన్న రోజులలో, ఆ చుట్టుపట్ల కొండలలో నివసించే సవరల భాష ఆయన చెవినబడినది. ఆ భాషకు వ్యాకరణం గాని నిఘంటువు గాని ఆయనకు ఆధారంగా లేదు. తెలుగు వచ్చిన ఒక సవరను తమ ఇంట ఉంచుకొని, అతని నోటి నుండి ఒక్కొక్క మాటే నేర్చుకొన్నారు. సవరల కోసం పాఠశాల నెలకొల్పి, వారి భాషలో పుస్తకాలు వ్రాసినారు. దశాబ్దాల కృషి ఫలితంగా సవర భాషా వ్యాకరణం 1931లోను, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లోను వెలువడినవి.

సవర భాష తెలుగుకు చుట్టం కాదు. అది ముండా శాఖకు చెందినది. తెలుగులో లేని ధ్వనులు దానిలో ఉన్నవి. అందుచేత తెలుగు లిపి, తెలుగు చెవి రెండూ అక్కడ చాలవు. గిడుగువారు చెవిని కొత్తగా తీర్చుకొనవలసి వచ్చినది. ఆ శ్రమకు ఆయన చెల్లించిన మూల్యం కూడా చిన్నది కాదు. కొండలలో తిరిగినప్పుడు సోకిన మలేరియాకు క్వినైను వాడగా ఆయన వినికిడి పోయినదని ఆయన జీవిత చరిత్ర చెబుతున్నది. మాటలు వినడమే పనిగా పెట్టుకొన్న మనిషికి చెవులు పోయినవి! అయినను పని ఆగలేదు. 1940లో కన్నుమూసేనాటికి ఆయన సవర భాషకు శాస్త్ర ప్రపంచంలో శాశ్వతమైన చోటు కల్పించి ఉన్నారు.

వేసవి బడులు, 'బండి ఱ' రహస్యం

గిడుగువారు ఒంటరిగా చేసిన పనికి ఒక క్రమశిక్షణ, ఒక బడి ఏర్పడినది స్వాతంత్ర్యం వచ్చిన తరువాతనే. 1950 దశకం మధ్యలో పూనాలోని దక్కన్ కళాశాల, రాక్‌ఫెల్లర్ ఫౌండేషను సహాయంతో ఒక భాషా ప్రణాళికను చేపట్టినది. సుమిత్ర మంగేశ్ కత్రే దానికి సారథ్యం వహించినారు. పూనాలో మొదలైన వేసవి భాషాశాస్త్ర పాఠశాలలకు దేశం నలుమూలల నుండి విద్యార్థులు, యువ అధ్యాపకులు వచ్చి చేరినారు. భాషాశాస్త్ర శిక్షణలో ముఖ్యమైన అభ్యాసం ఒకటున్నది. తనకు తెలియని భాష మాట్లాడే మనిషిని ఎదుట కూర్చొనబెట్టుకొని, అతనిని అడిగి, విని, వ్రాసుకొని, ఆ భాషలోని కట్టుబాటును కనిపెట్టడం.

ఈ పని పైకి తోచినంత సులభం కాదు. వెదురు పొద వైపు వేలు చూపి "దీనిని మీ భాషలో ఏమంటారు?" అని అడిగితే, ఎదుటివాడు వెదురు పేరు చెప్పవచ్చు, ఆకు పేరు చెప్పవచ్చు, చూపిన వేలి పేరే చెప్పవచ్చు. తెలుగులో 'కల' వేరు, 'కళ' వేరు. ఒక్క ధ్వని మారితే అర్థం మారినది గనుక ల, ళ అనేవి తెలుగులో రెండు వర్ణాలు. మరొక భాషలో ఆ భేదం లేకపోవచ్చు. మన చెవికి ఒకటిగా తోచే ధ్వనులు అక్కడ రెండు కావచ్చు. కాబట్టి తన భాష నేర్పిన అలవాటును కాసేపు పక్కన పెట్టడం నేర్వనివాడు పరాయి భాషను వినలేడు. వాని చెవికి అది తన భాషకే చెడిన రూపంగా వినబడుతుంది. కొండవారి మాటలను 'మోటు తెలుగు' అని తేలికగా చూసినవారికి జరిగినది ఇదే.

ఆ చులకనకు శాస్త్రీయమైన సమాధానం అరకు లోయ నుండి వచ్చినది. అక్కడి కొండదొరలలో కొందరు మాట్లాడే కొండ భాషను, దానికే కూబి అని మరొక పేరు, భద్రిరాజు కృష్ణమూర్తి గ్రామాలలో విని పరిశీలించినారు. ఆయన 1962 నుండి ఉస్మానియా విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్రాచార్యులు. పాత తెలుగులో సాధురేఫమైన 'ర', శకటరేఫమైన 'ఱ' వేరువేరు ధ్వనులు. నేటి తెలుగువారి ఉచ్చారణలో ఆ భేదం నశించినది. 'బండి ఱ' వర్ణమాలలో ఒక గుర్తుగా మాత్రమే మిగిలినది. కాని కొండ భాషలో ఆ రెండు ధ్వనుల భేదం నిలిచి ఉన్నదని కృష్ణమూర్తి పరిశోధన చూపినది. తెలుగు పండితులు పుస్తకంలో చదివి కంఠస్థం చేసిన భేదం, ఏ పుస్తకమూ ఎరుగని కొండవారి నాలుక మీద సజీవంగా ఉన్నదన్నమాట. కొండ భాష తెలుగుకు చెడిన రూపం కాదు. తెలుగుతో పాటు ఒకే మూలం నుండి పుట్టి, తెలుగు పోగొట్టుకొన్న సొమ్మును దాచిన తోబుట్టువు. ఈ పరిశోధన గ్రంథాన్ని హైదరాబాదులోని గిరిజన సాంస్కృతిక పరిశోధన, శిక్షణ సంస్థ 1969లో ప్రకటించినది.

గోదావరి ఒడ్డున ఒక విద్యార్థి

అరకులో ధ్వనుల రహస్యం బయటపడుతున్న కాలంలోనే, గోదావరి తీరపు కోయల వద్ద మరొక తీరు పరిశోధన ప్రారంభమైనది. దాని ప్రాముఖ్యం తెలియాలంటే ఆనాటి పాశ్చాత్య శాస్త్రలోకంలో వచ్చిన మార్పును కొంచెం తెలుసుకోవాలి. అంతకుముందు అనేక సంవత్సరాలపాటు అమెరికాలోని మనస్తత్వ శాస్త్రజ్ఞులలో ఎక్కువమంది, పైకి కనబడే ప్రవర్తనను తప్ప లోపలి ఆలోచనను శాస్త్రం పరిశీలించలేదని నమ్మినారు. 1956లో ఈ నమ్మకం సడలినది. మనిషి తాత్కాలిక స్మృతిలో ఏకకాలంలో సుమారు ఏడు అంశాలు మాత్రమే ఇముడుతాయని జార్జి మిల్లర్ వ్రాసిన ప్రసిద్ధ వ్యాసం ఆ ఏటిదే. ఆ సెప్టెంబరులో మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో జరిగిన సదస్సులో మిల్లర్, నోమ్ చామ్‌స్కీ, ఆలెన్ న్యూవెల్, హెర్బర్ట్ సైమన్ తమ పరిశోధనలను వినిపించినారు. సంజ్ఞాన శాస్త్రం పుట్టినరోజుగా పలువురు ఆ సదస్సునే చెప్పుకొంటారు.

అదే సంవత్సరం వార్డ్ గుడెనఫ్ అనే మానవ శాస్త్రజ్ఞుడు బంధుత్వ పదాల అర్థాన్ని అంశాలుగా విడగొట్టే పద్ధతిని ప్రతిపాదించినారు. తెలుగు పాఠకులకు ఈ పద్ధతిని బోధించడానికి పరాయి ఉదాహరణ అక్కరలేదు. పెదనాన్న కొడుకును, మేనమామ కొడుకును ఇంగ్లీషువాడు 'కజిన్' అనే ఒకే మాటతో పిలుస్తాడు. తెలుగువాడు అట్లు పిలవలేడు. తన తరం బంధువును పిలిచే ముందు అతని మనస్సు మూడు ప్రశ్నలు వేసుకొంటుంది. ఒకటి: ఈ వ్యక్తి తండ్రి అన్నదమ్ముల, తల్లి అక్కచెల్లెళ్ల సంతానమా? లేక మేనమామ, మేనత్తల సంతానమా? రెండు: తనకంటె పెద్దా, చిన్నా? మూడు: పురుషుడా, స్త్రీయా? ఒక్కొక్క ప్రశ్నకు రెండేసి జవాబులు గనుక మొత్తం ఎనిమిది గదులు ఏర్పడినవి. పురుషుని నోట ఆ ఎనిమిదీ ఇవి: అన్న, తమ్ముడు, అక్క, చెల్లెలు, బావ, బావమరిది, వదిన, మరదలు. ఏ బడికీ పోని పసివాడు కూడ ఈ లెక్కను తప్పక చేస్తాడు. తాను లెక్క చేస్తున్నానని మాత్రం ఎరుగడు. ఎరుగకుండా మనస్సు చేసే ఇట్టి లెక్కలను వెలికి తీయడమే ఈ శాస్త్రం పని.

ఈ వాతావరణంలో శిక్షణ పొంది, కోయల వద్దకు వచ్చిన విద్యార్థి స్టీఫెన్ టైలర్. ఆయన అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందినవారు. గోదావరి ఒడ్డున ఉండే కోయలను గొమ్ము కోయలంటారు. టైలర్ వారి మాండలికం నేర్చుకొని, కోయ భాషా నిర్మాణాన్ని, బంధుత్వ వ్యవహారాన్ని కలిపి పరిశీలించి, 1964లో సిద్ధాంత వ్యాసం సమర్పించినారు. 1966లో ఆయన ప్రకటించిన ఒక వ్యాసం ఆ రంగంలోని పెద్దలను ఆలోచింపజేసినది. బంధుత్వ పదాలను గదులలో అమర్చి పట్టిక గీసినంత మాత్రాన పని ముగియదని కోయలు ఆయనకు నేర్పినారు. ఒకే బంధువును ఒకే మనిషి సందర్భాన్ని బట్టి వేరువేరు మాటలతో పేర్కొంటాడు. వినేవారు ఎవరు, పెద్దలా పిన్నలా, అక్కడ కోయలే ఉన్నారా లేక పరాయివారు కూడ ఉన్నారా అనే విషయాలను బట్టి మాట మారుతుంది. కోయ పదం వాడవలసిన చోటు ఒకటి, తెలుగు పదం వాడవలసిన చోటు మరొకటి.

దీని భావం గొప్పది. కోయవాని తలలో ఉన్నది ఒక పట్టిక కాదు. రెండు భాషల పట్టికలు, వాటిలో దేనిని ఎప్పుడు తీయవలెనో చెప్పే మూడవ జ్ఞానం. ఒక్క భాషతో బ్రతికే మనిషికి ఈ మూడవ జ్ఞానంతో పని లేదు. 1969లో టైలర్ రెండు గ్రంథాలను వెలువరించినారు. ఒకటి గొమ్ము కోయ మాండలికపు వ్యాకరణం. రెండవది సంజ్ఞానాత్మక మానవ శాస్త్రమనే కొత్త శాఖకు ఆధార గ్రంథంగా పేరొందిన వ్యాస సంకలనం. కృష్ణమూర్తి గ్రంథం కూడ ఆ ఏడాదిదే. ఆ విధంగా ఒకే సంవత్సరంలో ఈ కనుమలలోని రెండు భాషలు ప్రపంచ గ్రంథాలయాలకు చేరినవి.

రెండు భాషలు బరువా, బలమా?

గ్రంథాలయాలకు చేరిన జ్ఞానం బడికి చేరినదా? ఇక్కడ మరొక పాత అపోహను దాటవలసి ఉన్నది. రెండు భాషలు పిల్లవాని బుద్ధికి బరువు అని అనేకులు నమ్మినారు. 1923లో వేల్స్ దేశంలో సేర్ అనే పరిశోధకుడు పల్లెలలోని ద్విభాషా బాలురు పరీక్షలలో వెనుకబడినారని ప్రకటించినారు. అయితే పిల్లల ఇంటి స్థితిగతులను సరిగా లెక్కలోకి తీసుకొనని పోలికలు నమ్మదగినవి కావని తరువాతివారు చూపినారు. 1962లో కెనడాలోని మాంట్రియల్ నగరంలో ఎలిజబెత్ పీల్, వాలెస్ లాంబర్ట్ అట్టి భేదాలను సరిచేసి పదేళ్ల పిల్లలను పరీక్షించగా, రెండు భాషలు బాగుగా వచ్చినవారే పైచేయి అయినారు.

నగరపు పిల్లల మాట అట్లుండగా, కొండ పిల్లల సంగతి ఏమి? దీనికి జవాబు తూర్పు కనుమల నుండే వచ్చినది. ఒడిశాలోని ఫుల్బాణీ ప్రాంతపు కొంధులలో కొందరు తమ కుయి భాషను, ఒడియాను రెంటినీ మాట్లాడుతారు. మరికొందరు కుయిని మరచి ఒడియా మాత్రమే మాట్లాడుతారు. తెగ ఒకటే, ఆచారాలు ఒకటే, పేదరికమూ ఒకటే, తేడా భాషలోనే. పరిశోధకునికి ఇంతకంటె మంచి తూకం దొరకదు. అజిత్ కుమార్ మహంతి అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు తమ సహచరులతో కలిసి అనేక సంవత్సరాలు ఈ పిల్లలను పరీక్షించినారు. కుయిని నిలుపుకొన్న ద్విభాషా బాలురు బుద్ధి పరీక్షలలోను, భాషను గూర్చి ఆలోచించే సామర్థ్యంలోను ముందంజలో ఉన్నట్లు ఆయన కనుగొన్నారు. వస్తువుకు పేరు దేవుడు పెట్టినది కాదని, పదిమంది ఒప్పుకొన్న గుర్తు మాత్రమేనని రెండు పేర్లు తెలిసినవాడు త్వరగా గ్రహిస్తాడు. కుండలోని 'ఏరు', కొండ కింది 'ఏరు' రెండూ ఎరిగిన పిల్లవానికి ఈ పాఠం పుట్టుకతోనే అబ్బుతుంది.

ఈ బలం బాల్యంతో ఆగకపోవచ్చునని హైదరాబాదు పరిశోధన ఒకటి సూచించినది. నిజాం వైద్య విజ్ఞాన సంస్థలో సువర్ణ అల్లాడి, ఆమె సహచరులు మతిమరుపు వ్యాధి సోకిన 648 మంది వివరాలను పరిశీలించి 2013లో ప్రకటించినారు. ఒకే భాష తెలిసినవారికంటె రెండు లేక అంతకు మించి భాషలు వచ్చినవారిలో వ్యాధి లక్షణాలు సగటున నాలుగున్నర సంవత్సరాలు ఆలస్యంగా కనబడినవి. చదువురాని వారిలో కూడ ఈ భేదం కనబడినది. కాబట్టి ఇది కేవలం చదువు వల్ల కలిగిన లాభమని అనడానికి వీలులేదు. ద్విభాషిత్వం వల్ల కలిగే మేలు ఎంత అనే విషయంలో శాస్త్రజ్ఞులలో నేటికీ ఏకాభిప్రాయం లేదు. మేలు కనబడని పరిశోధనలూ ఉన్నవి. కాని ఇంటి భాష పిల్లవాని చదువుకు అడ్డు అనే పాత మాటకు మాత్రం శాస్త్రంలో ఆధారం మిగలలేదు.

అప్పు తీర్చే మార్గం

ఈ జ్ఞానం బడికి చేరడానికి ఒక ప్రయత్నం జరిగినది. 2004 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సవర, కొండ, కువి, కోయ, గోండి మొదలైన ఎనిమిది భాషలలో తొలి తరగతుల బోధనను ప్రారంభించినది. పుస్తకాలు తెలుగు లిపిలో, పిల్లల ఇంటి భాషలో తయారైనవి. మొదట ఇంటి భాషలో చదువు నేర్పి, క్రమంగా తెలుగుకు వంతెన వేయడం ఈ పద్ధతి. 2020 నాటి జాతీయ విద్యా విధానం కూడ వీలైనంతవరకు ఐదవ తరగతి దాకా ఇంటి భాషలో బోధన ఉండాలని చెప్పినది. కాని ఇట్టి బోధనకు పుస్తకం ఒక్కటే చాలదు. ఆ భాష ఎరిగిన ఉపాధ్యాయుడు కావాలి, ఆ భాషలో పిల్లవాడు ఎట్లు ఆలోచిస్తాడో ఎరిగిన పరిశోధకుడు కావాలి.

కాలవ్యవధి కూడ ఎక్కువ లేదు. కొండదొరలలో అనేకులు పాత భాషను విడిచి తెలుగులో కలిసిపోయినారు. 2011 లెక్కలలో కొండ భాష చెప్పుకొన్నవారు సుమారు 60,000 మంది మాత్రమే. రంపచోడవరానికి దిగువన దేవీపట్నం వైపు గోదావరి ఒడ్డున ఉన్న కోయ, కొండరెడ్డి గ్రామాలు పోలవరం ప్రాజెక్టు ముంపు వల్ల లేచిపోయి కొత్త కాలనీలకు తరలినవి. ఊరు కదిలితే ఇళ్లు మాత్రమే కదలవు. ఏ చెట్టుకు ఏ పేరు, ఏ మలుపుకు ఏ పేరు అనే జ్ఞానం ఆ చెట్టుతో, ఆ మలుపుతో ముడిపడి ఉన్నది. చూపించడానికి చెట్టు లేనప్పుడు తాత మనుమనికి ఆ పేరు ఎట్లు చెబుతాడు?

కాబట్టి సంజ్ఞాన శాస్త్రంలో పరిశోధన శిక్షణకు చేరే నేటి విద్యార్థికి ఈ చరిత్ర రెండు పాఠాలు చెబుతున్నది. మొదటిది వినయం. గిడుగువారు సవరను ఇంట ఉంచుకొన్నది నేర్పడానికి కాదు, నేర్చుకోవడానికి. టైలర్ తెచ్చిన పట్టికను సరిదిద్దినవారు కోయలు. పరీక్ష కాగితం పట్టుకొని కొండకు వచ్చిన విద్యార్థి, తన ప్రశ్నే తప్పు కావచ్చునని ముందుగా అనుమానించాలి. రెండవది ఋణం. తీసుకొన్న మాటలు, పాటలు, ఫలితాలు గ్రామానికి, బడికి తిరిగి రావాలి. ఈ అప్పు తీర్చడానికి అన్నిటికంటె ఉత్తమమైన మార్గం ఒకటున్నది. కోయ, కొండరెడ్డి, సవర యువకులే, యువతులే ఈ శిక్షణ పొంది పరిశోధకులు కావడం. పరాయి విద్యార్థి ఏళ్ల తరబడి శ్రమించి సంపాదించే చెవి వారికి తల్లి ఒడిలోనే దొరికినది.

అట్టి పరిశోధకుడో, ఉపాధ్యాయుడో తరగతిలో ఉన్ననాడు, "ఏరు ఎక్కడ ఉన్నది?" అన్న ప్రశ్నకు కుండను చూపిన పిల్లవాడు మందమతి అనిపించుకొనడు. "ఔను, అదీ ఏరే, తెలుగులో ఇంకొక ఏరున్నది, రా చూపిస్తాను" అని అతనిని వాగు ఒడ్డుకు తీసుకొనిపోయే మనిషి ఉంటాడు. ఆనాడు ఆ పిల్లవానికి ఒక మాట పోదు; రెండు మాటలు మిగులుతాయి.